తొమ్మిదింటి దాకే దర్శనం

వెంకటప్పయ్య దృష్టిలో పొద్దున తొమ్మిది దాటాక ఈ లోకంలో చూడదగ్గదంటూ ఏమీ మిగలదు. తొమ్మిదిలోపు మాత్రం ఒకటుంది. అది ఆయన ప్రహరీగోడ మీద పాకిన మార్నింగ్ గ్లోరీ తీగ. దాన్ని చూడకుండా సారపాకలో ఆ వీధి దాటిన మనిషి లేడు. దాటాలని ప్రయత్నించినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషి దాన్ని భుజాన మోస్తూనే తీగ ముందు నిలబడాల్సి వచ్చేది.

"దించుతా సార్, బరువుంది."

"దించడానికి వంగుతావు. వంగితే పైన పూసింది కనపడదు. అదిగో ఆ నీలం చూశావా? మధ్యలో తెలుపు చూడు, లోపల దీపం పెట్టినట్టు లేదూ?"

"ఉంది సార్. నా నడుములో కూడ ఎవడో పెట్టినట్టే ఉంది."

ఎదురింటి టీచరు నిర్మలాదేవి వాన లేని రోజున కూడా గొడుగు అడ్డం పెట్టుకుని బడికి వెళ్లేది. వెంకటప్పయ్య ఆ గొడుగును చూసి మురిసిపోయాడు. "మేడమ్! మొగ్గ కూడా అచ్చం మీ గొడుగులాగే మెలి తిరిగి ఉంటుంది. మూయండి, పక్కన పెట్టి చూద్దాం!" ఆమె ఆ రోజు ప్రార్థనకు అందలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన కాగితం మిల్లు యార్డులో సూపర్‌వైజరు. వెదురు, జామాయిల్ లారీలు దిగుతుంటే ఏ దుంగ పనికొస్తుందో ఏది రాదో కంటితోనే చెప్పేవాడు. అలా జన్మంతా పనికొచ్చే చెట్లను చూసి చూసి, రిటైరయ్యాక ఏ పనికీ రాని తీగను ప్రేమించాడు. భార్య సీతారావమ్మ బాధంతా అదే.

"దేవుడికి పెడదామంటే దీపం వెలిగించేలోపు వాడిపోయె. తలలో పెట్టుకుందామంటే వీధి చివరికి వెళ్లేలోపు ముడుచుకుపోయె. ఆకు కోసి పప్పులో వేద్దామా అంటే విషమంటారు. ఏం చేసుకోను దీన్ని?"

"చూడు."

"చూశాక?"

"మళ్లీ చూడు. అందంగా ఉండటం చాలదుటే? దానికి ఉద్యోగం కూడా వేయించాలా?"

వీధిలో పిల్లలు ఆ పూలను మైకుపూలు అనేవాళ్లు. ఆ మాట వినపడితే వెంకటప్పయ్య చొక్కా వేసుకోకుండానే గేటు దాకా పరిగెత్తేవాడు.

ఇలాంటి మనిషి ఇంటి వెనక పోర్షన్‌లోకి కిరాయికి వచ్చాడు రాజేష్. మిల్లులో కాంట్రాక్టు వర్కరు, ఎక్కువగా నైట్ షిఫ్టు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే దాదీ పెంచింది. దాదీ అంటే నాయనమ్మ సోమ్లి. తండా వదిలి ఆమె కూడా మనవడితోనే వచ్చేసింది. రాజేష్‌కు లోకం మీద కోపం. డిగ్రీ మధ్యలో ఆగిపోయినందుకు కోపం, చదివిన పుస్తకాలేవీ జీతం పెంచనందుకు కోపం, ఇక కాంట్రాక్టరును చూస్తే ఏ కారణమూ అక్కర్లేని కోపం. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు కిరాయి ఎంత అని అడిగితే వెంకటప్పయ్య, "అది తర్వాత. ముందు పూలు చూడు, టైమైపోతోంది," అన్నాడు. రాజేష్ కోపాల్లో ఇంకొకటి చేరింది.

రాత్రంతా మిషన్ల హోరులో నిలబడి, కళ్లల్లో ఇసుక పోసినట్టుండి, మంచం ఒక్కటే గుర్తుండే వేళ అతను గేటు తీసేవాడు. గేటు చప్పుడుకే వెంకటప్పయ్య ప్రత్యక్షమయ్యేవాడు, చేతిలో రెండు టీ గ్లాసులతో.

"రా రా, ఇవాళ ఊదారంగు విచ్చింది."

"సార్, నాకు నిద్రొస్తుంది. నిన్న చూసిన గద."

"నిన్న చూసింది నిన్ననే రాలిపోయింది. ఇవి వేరు."

"అన్నీ ఒక్కతీరే ఉన్నయి సార్. మా తండా చెరువుల తూటికాడకు గూడ గివే పూలు. పశువులు కూడ ముట్టయి."

వెంకటప్పయ్య టీ గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. తన తీగను చెరువులో కలుపుమొక్కతో పోల్చినవాడితో జన్మలో మాట్లాడనని సీతారావమ్మతో ప్రకటించాడు. మర్నాడు తెల్లారేసరికి కొత్త మొగ్గ ఒకటి విచ్చింది. జన్మ అక్కడితో ముగిసింది.

ఈ బాధలో రాజేష్‌కు తోడు లేకపోగా, దాదీ శత్రుపక్షంలో చేరింది. తెల్లారకముందే తీగ పక్కన చాప పరుచుకుని కూర్చునేది. మనవడు వస్తే చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకునేది. పొద్దున సోమ్లి నాలుకకు ఎదురులేదు.

"ఏందప్పయ్యా, పూలకు నీళ్లు పోస్తున్నవా, నీళ్లకు పూలు చూపిస్తున్నవా? కాల్వ పారుతుంది!"

"నువ్వు కూర్చున్నావుగా సోమ్లమ్మా, నీ మాటల వేడికి ఎండిపోతుందని ఎక్కువ పోశా."

"నీ పెండ్లాం ఎట్ల ఏగుతుందయ్యా నీతోని?"

"తొమ్మిది దాటితే మామూలు మనిషేలే," అని సీతారావమ్మ వంటింట్లోంచి జవాబిచ్చేది.

ఇదంతా పొద్దుటి మాట. మధ్యాహ్నం అన్నం తిన్నాక సోమ్లి మారిపోయేది. మనవణ్ని పట్టుకుని "ఎవల బిడ్డవు నువ్వు?" అనేది. ఏనాడో పోయిన పశువుల కోసం మూట కట్టుకుని తండాకు బయల్దేరేది. దవాఖానాలో చూపిస్తే పెద్దతనం, మందులతో కొంత ఆగుతుందిగానీ పోదు అన్నారు. రాజేష్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నాలు తలుపు గడియ పెట్టి టీవీ సౌండు పెంచేవాడు. ఇంటివాళ్లకు ఏమీ తెలియదని అతని నమ్మకం.

దాచడానికి కారణం ఉంది. అప్పటికే రెండు సంబంధాలు పోయాయి. రెండుసార్లూ అవతలివాళ్లు అన్నాల వేళ దాటాకే వచ్చారు. మొదటిసారి పిల్ల తండ్రిని సోమ్లి కరెంటు మీటరు చూసే మనిషనుకుని స్తంభం దగ్గరకు పొమ్మంది. రెండోసారి వచ్చినవాళ్ల చెప్పులు తీసి దాచేసింది. ఇంట్లో పిచ్చి ఉందట అన్న మాట రెండు తండాలకు పాకింది.

ఇప్పుడు మూడోది. టేకులపల్లి దగ్గర తండా పిల్ల, పేరు కళ్యాణి, ల్యాబ్‌లో టెక్నీషియన్. ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడినప్పటి నుంచి రాజేష్‌కు కాంట్రాక్టరు కూడా మంచివాడిలా కనిపిస్తున్నాడు. ఈ సంబంధం పోతే తను ఇక పెళ్లే చేసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. అందుకని ఒక ఉపాయం పన్నాడు. చూపులు సాయంత్రం. పొద్దున్నే దాదీని ఇల్లందులో చుట్టాలింటికి పంపెయ్యాలి. మాట ఖాయమైతే ఇంటి పెద్ద తన చేత్తో బెల్లం పంచాలి. తనను పెంచిన చెయ్యి ఆ వేళకు ఇల్లందులో ఉంటుందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా గబుక్కున పుస్తకం తెరిచేవాడు. ఒక్క అక్షరం లోపలికి పోయేది కాదు.

రెండు రోజుల ముందు వెంకటప్పయ్య గేటు దగ్గర చల్లగా చెప్పాడు.

"నీ పెళ్లిచూపులు పొద్దున ఏడింటికి మార్చేశా."

"ఏందీ?"

"పిల్ల తండ్రి రూప్లా నాకు తెలిసినవాడే. మిల్లుకు జామాయిల్ తోలేవాడు. ఫోన్ చేసి చెప్పా. సాయంత్రం వస్తే గోడ మీద ఏముంటుంది? ఎండిన తొడిమలు. అవి చూపించి పిల్లనడుగుతావా?"

"సార్, నా పెండ్లిచూపులు మీ పూల కోసమా?"

"మరి నీ మొహం కోసమా?"

"ఏడింటికి ఎవలొస్తరు సార్! గంత దూరం నుంచి!"

"రూప్లా వస్తానన్నాడు. నా ఇంట్లో శుభకార్యం తొమ్మిది లోపే. ఇష్టం లేకపోతే వేరే ఇల్లు చూసుకో."

వేరే ఇల్లు చూసుకోవాలనే అనుకున్నాడు రాజేష్. కాని రెండు రోజుల్లో ఇల్లూ దొరకదు, తెల్లారకముందు ఇల్లందుకు దాదీని తీసుకుపోయే తోడూ దొరకలేదు.

చూపుల రోజు రూప్లా, భార్య, కూతురు చీకటితోనే కిరాయి కారులో బయల్దేరి వచ్చారు. కారు దిగీ దిగకముందే వాళ్లను తీగ ముందు వరుసగా నిలబెట్టాడు వెంకటప్పయ్య. గోడ నిండా నీలం, ఊదా. ఆకుల మీద మంచు. చలికి వణుకుతూ రూప్లా, "మంచిగున్నయి సార్," అన్నాడు.

"ఎడమ చివరిది చూడలేదు నువ్వు."

"చూసిన సార్."

"చూస్తే ఇంత మామూలుగా ఉండవు. మళ్లీ చూడు."

అద్దాల రవిక వేసుకుని, చేతుల నిండా గాజులతో సోమ్లి చాప మీద కూర్చుంది. రూప్లాను ఎదురుగా కూర్చోబెట్టుకుని గోత్రాలు తీసింది. వాళ్లదేది, తమదేది, తల్లివైపు ఎవరు, ఏ తండాలో ఎవరి కూతురు ఎవరింటికి పోయింది, అన్నీ విప్పి మళ్లీ ముడివేసింది. రూప్లా ఒకచోట తడబడితే, "నీ నాయనమ్మ పేరే నీకు ఎరుక లేదాయె, పిల్లనెట్ల ఇస్తవయ్యా?" అని దులిపేసింది. కళ్యాణిని దగ్గరకు పిలిచింది.

"మావోడు కోపిష్టోడు. ఎరుకేనా?"

"ఫోన్ల తెలిసింది దాదీ."

"మరెట్ల ఏగుతవు?"

"నేను రక్తం తీసేదాన్ని దాదీ. కోపంతోని వచ్చినోళ్లు కూడ సూది చూస్తే చెయ్యి చాపుతరు."

సోమ్లి పగలబడి నవ్వింది. బెల్లం తెమ్మంది. తన చేత్తోనే ముక్కలు చేసి, ముందు రూప్లా అరచేతిలో, తర్వాత అందరి చేతుల్లో పెట్టింది. రాజేష్ చేతిలో పెట్టినప్పుడు దాన్ని అతని వేళ్లతోనే మూసింది. అతను గోడ వైపు తిరిగి, వెంకటప్పయ్య జన్మలో చూడనంత శ్రద్ధగా పూలను చూశాడు.

మాట ఖాయమైంది. ఇక వీళ్లు కారెక్కితే చాలు. తొమ్మిదైంది. నీలం పూల అంచులు ఎర్రబడి లోపలికి ముడుచుకుంటున్నాయి.

"మామా, మీకు లేటయితదేమో."

"నాకేం లేటు బిడ్డా? ఇంకో చాయ్ తాగుత."

తొమ్మిది దాటాక మనుషులనే పట్టించుకోని వెంకటప్పయ్య కుర్చీ లాగి, "టిఫిన్ చేసి వెళ్దువుగాని, కూర్చో," అన్నాడు. రాజేష్ వెనకనుంచి చేతులూపాడు, కళ్లు పెద్దవి చేశాడు, దగ్గాడు. "చలికి నిలబడ్డావు, అల్లం కషాయం తాగు," అన్నాడు వెంకటప్పయ్య.

టిఫిన్లయ్యాయి. కబుర్లు సాగాయి. ఒక్క పువ్వు మిగల్లేదు గోడ మీద. పెందలాడే లేచిన అలసటో ఏమో, ఆ రోజు సోమ్లి కళ్లు మధ్యాహ్నం కాకముందే మసకబారాయి. రూప్లాను ఎగాదిగా చూసింది.

"ఎవరయ్యా నువ్వు? ఎడ్ల బేరానికొచ్చినవా? మా ఎడ్లను అమ్మం."

రాజేష్ దాదీ చేయి పట్టి లోపలికి లేపబోయాడు. అయిపోయింది. మూడోదీ పోయింది.

రూప్లా మాత్రం గ్లాసు కింద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "అమ్మకుంటే మానె తల్లీ. మీ ఎడ్లు మంచియని విని, ఒకసారి చూసిపోదామని వచ్చిన."

"చూడు, చూడు. చూస్తే పైసలేం పడవు," అంది సోమ్లి ఉదారంగా.

రాజేష్ నోరు తెరిచేలోపు కళ్యాణి పక్కకు వచ్చింది. "పోయిన వారం మీ ఓనర్ సార్ బస్సెక్కి మా తండాకు వచ్చిండు. అంతా చెప్పిండు. దాదీ పొద్దుగాల ఎట్లుంటదో, తర్వాత ఎట్లుంటదో. 'ముందు పొద్దుటి మనిషిని చూడండి. తర్వాత ఉండి రెండో మనిషిని కూడా చూడండి. రెండో మనిషిని ముందు చూసి పోయినవాళ్లు మోసపోయారు' అన్నడు. మా నాయన అందుకే కదలకుండ కూసున్నడు."

"మీ నాయన ఏమన్నడు?"

"సార్ ఇచ్చిన విత్తనాలకు గుంత తవ్వలేక నడుం పట్టిందన్నడు. దాదీ గురించి ఏమనలే."

రాజేష్ నేరుగా వెంకటప్పయ్య దగ్గరకు వెళ్లాడు. "మీరు టేకులపల్లి పోయిండ్రంట."

"ఎవరు చెప్పారు? విత్తనాలివ్వడానికి వెళ్లా. అక్కడి నేల మంచిది."

"అబద్ధం," అంది సీతారావమ్మ ప్లేట్లు తీస్తూ. "అసలు నిన్ను రోజూ గేటు దగ్గర ఆపేది ఎందుకనుకున్నావు బాబూ? నువ్వు వచ్చీ రాగానే పడుకుంటే మధ్యాహ్నం లేస్తావు. ఆమె తెలివిగా మాట్లాడే వేళ నీకెప్పుడు దొరుకుద్ది? గోడకు చెవులుండక్కర్లేదు, నీ టీవీ సౌండు చాలు, మాకు అర్థమవడానికి."

"పూల కోసమే ఆపా!" అని అరిచాడు వెంకటప్పయ్య, దొంగతనం అంటగట్టినంత రోషంగా. "ముమ్మాటికీ పూల కోసమే!"

రాజేష్ ఎప్పుడూ లేనిది రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి ఆయనకు అందించాడు. వెంకటప్పయ్యకు ఆ మర్యాద భరించలేనిదైంది. తప్పించుకోవడానికి వెళ్లి రూప్లా పక్కన కూర్చుని, సోమ్లిని గట్టిగా అడిగాడు.

"సోమ్లమ్మా, ఆయనకు అమ్మకపోతే పోనీ. ఆ ఎడ్ల జత నాకిస్తావా?"

సోమ్లి ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఎవరో పోల్చుకున్నట్టు లేదు. అయినా తల అడ్డంగా ఊపింది.

"నీకా? నీకియ్య. మేత ఎయ్యకుండ పొద్దుగాల్నే గోడకాడ నిలబెడతవు, పూలు చూడుమని."