భీమ్లా వ్యానుకు తాడు

జనగామలో పాత బండ్లు అమ్మిపెట్టే బ్రోకర్లు చాలామందే ఉన్నారు. వాళ్ళలో నిజాయితీపరుడు కావాలనుకుంటే మాత్రం నా దుకాణానికి రాకండి. నా పేరు కైసర్. పొగ నల్లగా కక్కుతుంటే ఇంజన్ మంచి జోరు మీదుందని చెబుతాను. తుప్పు పట్టిన తలుపును చూపించి, ఇంత గట్టి ఇనుము ఇప్పుడెక్కడ దొరుకుతుందని ఎదురు అడుగుతాను. ఇన్నేళ్ళలో నా వృత్తికి అడ్డం పడ్డవాడు ఒక్కడే. పెద్దవంగర దగ్గర తండాలో ఉండే భీమ్లా.

భీమ్లా మొదట ఎడ్ల బేరగాడు. పశువుల సంత ఎక్కడుంటే అక్కడికి, అంగడి అంగడికీ తిరిగేవాడు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి, వీపు మీద సుడి చూసి దాని జాతకమంతా చెప్పేవాడు. ట్రాక్టర్లొచ్చి ఎడ్ల కాలం చెల్లిపోయాక నా దగ్గరికొచ్చి ఏదైనా బండి చూడమన్నాడు. ఏదో బడివాళ్ళు వదిలించుకున్న డీజిల్ వ్యాను అప్పుడు నా దుకాణం ముందు మూలుగుతూ ఉంది. దాన్ని అతనికి అంటగట్టిన పుణ్యాత్ముణ్ని నేనే.

దాంట్లో తండా మనుషులను మిరప ఏరడానికి ఖమ్మం దిక్కు తీసుకుపోయేవాడు. అక్కడ మిగతావాళ్ళు చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటే, భీమ్లా, అతని భార్య తుల్సీబాయి వ్యానులో పడుకునేవాళ్ళు. పడుకోగా పడుకోగా అది ఇల్లయి కూర్చుంది. సీట్లు పీకేసి నవారు మంచాలు రెండు మడత పెట్టేలా గోడలకు బిగించాడు. వెనక గ్యాస్ పొయ్యి, పైన నీళ్ళ డ్రమ్ము, దానికో నల్లా. కిటికీలకు తుల్సీబాయి అద్దాల బట్టతో తెరలు కుట్టింది. పైన నీలం రంగు కొట్టాడు గానీ, ఎక్కడ గోకినా బడి పసుపు బయటపడుతుంది. మేడారం జాతరకు పోతే దేవతల తర్వాత జనం చూసేది దీన్నే.

కిందటి చలికాలం తుల్సీబాయి ఆ వ్యాను వెనక నుంచి దిగబోయి పడింది. మోకాలి వాపు తగ్గింది కానీ మళ్ళీ ఎక్కే ధైర్యం రాలేదు. “నేనిగ దీన్ని ఎక్క. అమ్మేయ్,” అంది. భీమ్లా సరేనని మర్నాడే నాకు కబురు పెట్టాడు. నాకు భయం వేసింది అందుకే. తిరిగి తిరిగి బతికిన మనిషి. తండాలో ఉన్న రోజుల్లో కూడా ఇంట్లో పడుకోడు, వాకిట్లో ఆపిన వ్యానులోనే పడుకుంటాడు. ఇంటి పైకప్పు కింద ఊపిరాడదంటాడు. అమ్మేస్తానన్న రోజు నుంచి అతని తిండి సగమైంది. పొద్దస్తమానం స్టీరింగ్ ముందు కూర్చుని, ఎక్కడికీ పోని బండిలోంచి ఎదుటి గోడను చూస్తుండేవాడు. బండి కూడా పోతే ఈ మనిషి ఏమవుతాడని నాకు దిగులు పట్టుకుంది.

దిగులు దిగులే, వ్యాపారం వ్యాపారమే. హన్మకొండ నుంచి దేవేందర్ అనే కుర్రాణ్ని పట్టుకొచ్చాను. ఊళ్ళు తిరుగుతూ వీడియోలు తీస్తాడట. తెరల అద్దాలు చూసి మురిసిపోయాడు, మంచం మడతపెట్టి విప్పి ఫోటోలు దిగాడు. బేరం కుదిరినట్టే అనుకుని నేను లోలోపల బిర్యానీ తింటున్నాను. అప్పుడు భీమ్లా గొంతు సవరించుకున్నాడు.

“తమ్మీ, ఐబులు చెప్తా, ఇను,” అన్నాడు. ఐబు అంటే లోపం. “ఎత్తు ఎక్కేటప్పుడు ఉబ్బసం ఉన్నోని లెక్క ఎగపోస్తది. వాన పడితే ఎడమ దిక్కు మంచం మీద పండుకున్నోడు తడుస్తడు. రివర్సుకు జిద్దు చేస్తది, జర బతిమాలాలె.”

“అన్నా, గవన్నీ చిన్న చిన్నయి తీ,” అన్నాను నేను, అతని కాలు తొక్కుతూ.

“కాలు తియ్, కైసర్. ఇంకోటుంది. మా అత్త దీంట్లనే పోయింది.”

దేవేందర్ మంచం మీంచి లేచాడు. మంచం మీదున్న మనిషి లేస్తే దానంతటది మడుచుకోవడం కూడా దాని ఐబే, అది టప్పున గోడకు కొట్టుకుంది. కుర్రాడి మొహంలో నెత్తురు లేదు.

వాకిట్లో మంచం మీద కూర్చున్న తుల్సీబాయి సర్దిచెప్పబోయింది. “మా యాడికి, మా అమ్మకు, తొంభై ఏండ్లు, బిడ్డా. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వల పోయింది. దానికి బండేం చేస్తది?”

వాళ్ళ అమ్మకు ఒక మాట చెప్పి వస్తానని దేవేందర్ పోయాడు. అమ్మ ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను భీమ్లా మీద అంతెత్తున లేచాను. “నీకేమన్నా దిమాక్ ఉన్నదా? ఇది ఎద్దనుకున్నవా?”

“ఎద్దయినా బండైనా అంగడి రివాజు ఒక్కటే, భాయ్. ఐబు దాచి అమ్మితే, ఆ పాపం ఇంట్ల మిగిలిన జీవానికి తగుల్తది,” అన్నాడు. ఆ మాట అంటూ అతను చూసింది కొట్టంవైపు కాదు. కొట్టంలో ఏ జీవమూ లేదు. వాకిట్లో మోకాలికి నూనె రాసుకుంటున్న తుల్సీబాయి వైపు చూశాడు. నా కోపం ఎటు పోవాలో తెలియక చప్పబడింది.

రెండో బేరానికి నర్మెట్ట నుంచి కమల అనే ఆవిడ వచ్చింది. అంగళ్ళలో, భూపాలపల్లి దిక్కు జాతరల్లో భోజనాల హోటల్ నడుపుతుంది. గిన్నెలతో ఆటోలెక్కీ దిగీ విసిగిపోయింది. మనిషి సన్నగా ఉంటుంది కానీ గొంతు మైకు అక్కర్లేనిది. వస్తూనే, “అన్నా, ముందు ఐబులు చెప్పు,” అంది. ఆమె తండ్రి కూడా ఎడ్లు కొన్నవాడేనట. భీమ్లా మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. ఉబ్బసం నుంచి అత్తగారి వరకూ ఏదీ వదలకుండా చెప్పాడు.

“చచ్చినోళ్ళు అన్నం అడగరు. బతికినోళ్ళతోనే నా బాధంత,” అంది కమల. “ఒక్కటే పరేషాన్. నాకు నడపరాదు. పెట్టుకున్న డ్రైవరల్లా తాగి పంటడు. సర్లే, గది తర్వాత. తువ్వాల తియ్యన్నా, బేరం చేద్దాం.”

ఎడ్ల అంగట్లో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. కమల చెయ్యి చాచింది. భీమ్లా పాము మీద కాలేసినట్టు వెనక్కి గెంతాడు. పరాయి ఆడమనిషి చెయ్యి, అదీ పెళ్ళాం ఎదురుగా, అదీ తువ్వాల కింద. చుట్టూ గుమిగూడిన తండా జనం నవ్వు ఆపుకోలేకపోయారు.

“తే గిటు,” అంది తుల్సీబాయి. తువ్వాల లాక్కుని కమలను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీకేం ఎరుకనే వేళ్ళ లెక్క?” అన్నాడు భీమ్లా.

“ఇన్నేండ్ల సంది పక్కల పండుకుని నిద్రల గూడ నా వేళ్ళు పిసికి బేరాలు చేసినవ్. నాకెట్ల రాదు?”

ఆడవాళ్ళిద్దరి చేతులూ తువ్వాల కింద చాలాసేపు కదిలాయి. మధ్యలో కమల తుల్సీబాయి చెవి దగ్గరికి వంగి ఏదో గొణిగింది. తుల్సీబాయి భీమ్లాను ఎగాదిగా చూసి తల ఊపింది. బ్రోకర్‌ను నేనిక్కడుంటే బేరం అక్కడ నడుస్తోంది. జీవితంలో ఇంత అవమానం ఎరగను.

“తెగింది,” అంది తుల్సీబాయి.

“ఎంతకు?” అన్నాడు భీమ్లా.

“తువ్వాల కింద మాట తువ్వాల కిందనే ఉండాలె. నువ్వు చెప్పిందే గద.”

భీమ్లా వ్యాను దగ్గరికి నడిచాడు. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి బానెట్ నిమిరాడు. తర్వాత తలుపు తీసి, తాళం చెవి పీకి, తన జేబులో వేసుకుని ఇంట్లోకి నడిచాడు.

“ఓ పెద్దమనిషీ, తాళం ఇయ్యవా?” అని అరిచాను.

“అమ్మినోడు తాడు ఇయ్యడు. కొన్నోడే కొత్త తాడు తెచ్చుకోవాలె,” అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అంటున్నాడు. అతని ఇంట్లో గోడకు ఒక పెద్ద మేకు ఉంది. దానికి అతను అమ్మిన ఎడ్ల తాళ్ళన్నీ వేలాడుతుంటాయి. ఎద్దు పోయినా ఇంటి భాగ్యం దాని వెంట పోకూడదని తాడు ఉంచుకోవడం వాళ్ళ రివాజు.

“తాడు లేకున్నా ఎద్దు నడుస్తది! తాళం లేకుండ బండెట్ల నడుస్తది, భీమ్లన్నా?” అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కమల మాత్రం తాపీగా నవ్వుతోంది.

“ఉండనియ్ కైసర్ అన్నా. తాళం నాకెందుకు? నడిపేది ఆయనే గద.”

భీమ్లా గడపలో ఆగిపోయాడు. మొగుడూ పెళ్ళాం కొట్లాడుకునేది వాళ్ళ లంబాడీ భాషలోనే. ఆరోజు తుల్సీబాయి నాకు కూడా అర్థం కావాలనేమో తెలుగులోకి దిగింది.

“బేరంల నిన్ను గూడ కలిపిన. అంగళ్ళకు, జాతరలకు నువ్వే తోలాలె.”

“అమ్మమన్నది నువ్వే గద,” అన్నాడు భీమ్లా.

“బండిని అమ్మమన్న. నిన్ను గుంజకు కట్టేస్త అన్ననా? ఎక్కలేంది నా మోకాళ్ళు, నీయి గావు. నువ్వు గట్ల గోడను చూసుకుంట కూసుంటే నాకు బువ్వ దిగుతలేదు.” ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తువ్వాల దులిపింది. “ఎద్దును అమ్మినప్పుడల్ల తాడు భుజం మీదేసుకుని ఇంటికొచ్చేటోనివి. గిప్పుడు జాతర కాంగనే తాళం తీస్కొని ఇంటికి రా. గంతే.”

నేను కంటిలో ఏదో పడిందని అబద్ధం చెప్పాను. అబద్ధం నా వృత్తే కదా.

మొదటి జాతర ముగిసిన మర్నాడు తుల్సీబాయి ఫోన్ చేసింది. భీమ్లా వ్యానును నర్మెట్టలో కమల వాకిట్లో ఆపి, బస్సెక్కి వచ్చాడట. తాళం చెవిని మేకుకు, పాత తాళ్ళ మీద తగిలించాడట. పడుకోవడానికి వాకిట్లో వ్యాను లేదు మరి. ఇంట్లోకొచ్చి ఆమె మంచం పక్కనే చాప పరుచుకున్నాడట.

“నమ్మవ్ గద. ఇను, కైసర్ తమ్మీ,” అని ఫోన్ తీసుకెళ్ళి అతని ముక్కు దగ్గర పెట్టింది. పైకప్పు కింద ఊపిరాడని మనిషి గురక, ఎత్తు ఎక్కుతున్న ఆ వ్యానులాగే ఉంది. ఇద్దరం ఫోన్ పెట్టేయకుండా చాలాసేపు విన్నాం.