అమావాస్య నాడు కొత్త ఫేజు

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో, నడుస్తున్న కాంట్రాక్టుకు కొత్త ఫేజు, అంటే ఒక తేదీ నుంచి మొదలయ్యే కొత్త దశ, ఎలా చేర్చాలో వివరిస్తూ ఇరవై పేజీల మాన్యువల్ రాశాను. ఈ రోజు, మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక పటాన్‌చెరు ఫ్యాక్టరీలో బిల్లింగ్ చూసే యాదగిరి గారికి ఇచ్చాను. ఆయన సంతకం పెడితే నా పని అయిపోయినట్టే. మూడో పేజీలో, ఈ రోజు తేదీతో నేనిచ్చిన ఉదాహరణ దగ్గర ఆగిపోయారు.

"ఏంది సార్, ఇయ్యాల అమాస గదా! అమాస నాడు ఎవలన్న కొత్త ఫేజు మొదలువెడ్తరా?"

"ఉదాహరణే కదండీ" అన్నాను.

"అయితేంది? గిది సూసే గద మావోళ్లు నేర్సుకునేది!"

తేదీని ఎల్లుండికి మార్చాను. మిగతా పేజీలు తిప్పకుండానే బాగుందన్నారు. పెన్ను అందించాను.

"సంతకం గూడ ఎల్లుండే వెడ్త సార్. విదియ, మంచిగుంటది."

ఈ పోస్టు మాత్రం ఈ రోజే పెట్టేస్తున్నాను. ఆగాల్సిందంటారా?