పంబ లేని పూల కావడి

మా మామ వేలాయుధం చెవిలో గుసగుసగా ఒక మాట చెప్పారంటే అది వీధి చివరి రేషన్ షాపు దాకా పోతుంది. ఎగతాళికి అనడం లేదు. నా పెళ్ళైన కొత్తలో ఒకసారి సాంబారులో ఉప్పు ఎక్కువ వేశాను. ఆయన మా అత్త చెవి దగ్గర నోరు పెట్టి, "కొత్త పిల్ల, ఏమీ అనొద్దు" అన్నారు. మరునాడు రేషన్ షాపులో ముగ్గురు ఆడవాళ్ళు "ఏమ్మా జ్యోతికా, ఈ పొద్దన్నా ఉప్పు చూసి వేసినావా?" అని అడిగారు.

ఆ గొంతు ఊరికే రాలేదు. కే.జీ.కండిగైలో మాకు చెరకు, వేరుశనగ చేలున్నాయి. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషిని పిలిచి పిలిచి సాగిన గొంతు అది. దానికి తోడు ముప్పై ఏళ్ళుగా ఆడి కృత్తిక తిరునాళ్ళకు తిరుత్తణి పోయే మా ఊరి కావడి గుంపు ముందు నడిచి "అరోగరా!" అని అరిచేది ఆయనే. పక్కన పంబ డోలు వాయించే రత్నస్వామి, ముందు మా మామ. మా గుంపు తిరుత్తణి కొండ మొదటి మెట్టు మీద కాలు పెడితే పైన గుళ్ళో అయ్యవార్లకు తెలిసిపోతుందని మా వాళ్ళ గొప్ప.

అలాంటి మనిషికి స్వామి ఎలాంటి మనవరాలిని ఇచ్చాడో చూడండి!

నా కూతురు మోక్షితకు నాలుగేళ్ళు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతుంది. మిక్సీ అంటే ప్రాణభయం. గౌను మెడ దగ్గర చిన్న కంపెనీ చీటీ ఉన్నా నిప్పు తగిలినట్టు ఏడుస్తుంది. అందుకని మా ఇంట్లో చీటీ ఉన్న బట్ట ఒక్కటీ లేదు. కత్తెర పట్టుకున్నాక చెయ్యి ఆగక మా ఆయన చొక్కాల చీటీలూ కోసేశాను. పెరుగన్నానికి పులుసు చుక్క తగిలితే ఆ గిన్నె మొత్తం వెలి. మల్లెపూల వాసనకు వాంతి చేసుకుంటుంది. మొదట్లో అందరూ గారాబం అన్నారు. "రెండు తగిలిస్తే దారికొస్తాది" అని చుట్టం ఒకామె ఉచిత సలహా ఇచ్చింది. ఆవిడను కాఫీ ఇవ్వకుండానే సాగనంపాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను!

నేను తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో క్లర్కుని. ఆ ఊళ్ళోనే పిల్లలకు థెరపీ ఇచ్చే కవిప్రియ అనే అమ్మాయికి పాపను చూపించాను. "ఇది మొండితనం కాదక్కా. మన మీద చినుకులు పడేచోట ఈ బిడ్డ మీద వడగళ్ళు పడతాయి" అందామె. ఆ ఒక్క మాట కోసం రెండేళ్ళు తిరిగాను. ఆమె గదిలోనే ఏడ్చేశాను.

ఆ తర్వాత మా ఇల్లు మారిపోయింది. మా అత్త మునెమ్మ కుక్కర్‌ను అటకెక్కించి, అన్నం గిన్నెలో వండి వార్చడం మొదలుపెట్టింది. మిక్సీ ఆవుల కొట్టంలోకి కాపురం పోయింది. మా ఆయన విజయకుమార్ వీధి మొదట్లోనే బండి ఆపి తోసుకుంటూ వస్తాడు. పాపం, మొదటి నెలంతా ఊళ్ళో వాళ్ళు మెకానిక్కుల పేర్లు చెబుతూనే ఉన్నారు. అందరం మారాం, మామ తప్ప.

"నేను మెల్లిగానే కదా మాట్లాడతా ఉండేది!" అని అరిచేవారు ఆయన.

అయినా పాపకు ఆయనంటే ఇష్టం. చేనికి పోతే పది అడుగుల ఎడంగా వెనకాలే నడిచేది. ఆయన ఆగితే ఆగేది. ఆ పది అడుగులూ ఎప్పుడు తగ్గుతాయా అని మా మామ ఆశ.

అసలు గొడవ మొక్కుతో వచ్చింది. పాప ఏడో నెలలోనే పుట్టింది. మూడు వారాలు గాజుపెట్టెలో ఉంది. ఆ రోజుల్లో మా మామ ఆస్పత్రి వరండాలో నిలబడి, "సామీ, ఈ బిడ్డను బతికించు. నాలుగో ఏట ఆడి కృత్తిక తిరునాళ్ళకు నా పక్కన నడిపించి కొండెక్కిస్తా, పూల కావడి ఎత్తుతా" అని మొక్కుకున్నారు. మనసులోనే మొక్కుకున్నానని ఆయన అంటారు. రెండు వార్డుల అవతల నుంచి నర్సు వచ్చి కసిరి పోయింది.

ఈ ఏడు ఆ నాలుగో ఏడు వచ్చింది. లక్షల జనం, పంబలు, ఈలలు. నేను కుదరదన్నాను.

"దేవుడితో పేచీ వద్దమ్మా. నేను అడిగినా, ఆయన ఇచ్చినాడు. మనం మాట తప్పితే మళ్ళా..." అని ఆగిపోయారు.  అంత పెద్ద మనిషి కళ్ళలో భయం చూశాను. కానీ నేనూ తల్లిని కదా. ఒప్పుకోలేదు.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాకు చెప్పకుండా ఒక ఉపాయం చేశారు. మా వైపు పశువుల పండగకు ముందు కోడెదూడను మేళానికి అలవాటు చేస్తారు. మొదటిరోజు దూరంగా కర్రతో ఇనుప తట్ట కొడతారు. రోజూ పది అడుగులు దగ్గరికి వస్తారు. పదో రోజుకు దూడ చెవి కూడా ఆడించదు. యాభై ఏళ్ళుగా ఆయన చేతిలో ఏ దూడా తప్పలేదు. ఆ వైద్యమే మనవరాలికి మొదలుపెట్టారు!

మొదటిరోజు మోటారు షెడ్డు దగ్గర తట్ట. మూడో రోజు కల్లం దగ్గర. ఐదో రోజు రత్నస్వామిని పిలిపించి పెరట్లో పంబ వాయించమన్నారు. ఇదంతా నేను ఆఫీసులో ఉండగా. సాయంత్రం రైలు దిగి వచ్చేసరికి పాప మంచం కింద గోడకు కరుచుకుని ఉంది. గౌను తడిసిపోయింది. తన మణికట్టు తనే కొరుక్కుంది. పెరట్లో రత్నస్వామి పంబను ఎక్కడ దాచాలో తెలియక దాని ముందు అడ్డంగా నిలబడ్డాడు.

ఆ రోజు రేషన్ షాపు దాకా వినబడిన గొంతు నాది. "మామా, అది దూడ కాదు, నా బిడ్డ!"

 ఆ పూట ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. తొమ్మిది రోజులు పాప ఆయన కనబడితే చాలు పరుగెత్తి నా చీరలో దూరింది. పది అడుగులు కాస్తా వీధి అంత ఎడమైంది. పదో రోజు పొద్దున నేను స్టేషనుకు బయలుదేరుతుంటే మామ చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"ఆ తిరువళ్ళూరు పిల్ల యాడుంటాది? నేనూ వస్తా. నాకు తెలిసేటట్టు చెప్పమను."

కవిప్రియ ముందు చేతులు కట్టుకుని కూర్చుని అంతా విన్నారు. ఆమె ఆయనను కోప్పడలేదు. "అయ్యా, శబ్దం కన్నా అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఈ బిడ్డకు ఎక్కువ భయం. ముందు చెప్పండి. మెల్లగా చెప్పండి" అంది. రైల్లో ఇంటికి వస్తూ ఆయన ఆ రెండు ముక్కలూ నెమరువేస్తూనే ఉన్నారు.

మెల్లగా అంటే అంత తేలికా! మా మామ ఆవుల కొట్టంలో సాధన మొదలుపెట్టారు. "లెయ్యమ్మా, లెయ్యి" అని గొంతు దించి అంటారు. పదేళ్ళుగా కేకలకు అలవాటైన ఆవు, ఈయనకు ఒంట్లో బాగాలేదేమోనని అటు తిరిగి పడుకునేది. "నీ యక్క, లెయ్యవే!" అని గొంతు లేచేది. వెంటనే నాలుక కరుచుకుని మళ్ళీ మొదటి నుంచి. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. "పెళ్ళైన నలభై ఏళ్ళలో నాతో మాట్లాడని మాటలన్నీ ఆవుతో మాట్లాడతా ఉండాడు" అనేది.

మెల్లమెల్లగా గొంతు దిగింది. మోటారు వేసే ముందు, "పాపా, మోటారు వేస్తా. ఒకటి, రెండు, మూడు" అని చెప్పేవారు. పాప చెవులు మూసుకుని, వెయ్యమని తల ఊపేది. ఒకరోజు గట్టు మీద ఆయన పక్కనే, నిజంగా పక్కనే, కూర్చుని పెరుగన్నం తినింది. నేను దూరం నుంచి చూశాను. ఆయన కదిలితే ఎక్కడ లేచిపోతుందోనని, కాలి మీద చీమలు పాకుతున్నా దులుపుకోలేదు.

మొక్కు మాత్రం అలాగే ఉంది. దానికి దారి చూపింది మా అత్త.

"నువ్వు మొక్కింది ఆడి కృత్తిక తిరునాళ్ళకు కదా? తిరునాళ్ళు రెండు రోజుల ముందు, అశ్విని నాడే మొదలు. ఆ పొద్దు జనం తక్కువ. తెల్లవారే ఎక్కితే సరిపాయె" అంది.

 ఇంత తెలివి పక్కలో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఊరంతా సలహాలు అడిగారు మా మామ.

తర్వాత రత్నస్వామి ఇంటికి పోయారు. "పంబ లేకుండా, అరోగరా లేకుండా ఎక్కుదాం రత్నా."

"పంబ లేని కావడా? ఉప్పు లేని పప్పు అన్నా అది!" అన్నాడు రత్నస్వామి. కానీ ఆ రోజు పెరట్లో బిడ్డను చూసినవాడు. కాసేపు తల గోక్కుని, "సరి, ఉత్త చేతులతో వస్తాలే" అన్నాడు.

నేనొక షరతు పెట్టాను. పాప ఏడిస్తే ఏ మెట్టు మీద ఉన్నా ఎత్తుకుని దిగిపోతాను, ఎవరూ ఒక్క మాట అనకూడదు. మామ ఒప్పుకున్నారు. "దిగిపో అమ్మా. మొక్కు నాది, బిడ్డది కాదు. మిగిలింది నేనూ సామీ చూసుకుంటాం" అన్నారు. అలా అన్నారే గానీ, ఆ వారమంతా ఆయనకు కంటి మీద కునుకు లేదని మా అత్త చెప్పింది.

అశ్విని నాడు తెలతెలవారుతుండగా ఎనిమిది మందిమి కొండ కిందికి చేరాం. పాపకు బాగా ఉతికి మెత్తబడ్డ గౌను, కుట్లు గుచ్చుకోకుండా తిరగేసి తొడిగాను. మామ భుజం మీద సామంతిపూల కావడి. మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎత్తిన కావడి స్వామి ముందే దించాలి, దారిలో నేలకు ఆనకూడదు, చెయ్యి వదలకూడదు.

ఏడాదిలో ఎన్ని రోజులో అన్ని మెట్లు. నోరు మెదపకుండా ఎక్కుతున్నాం. అలాంటి కావడిని ఆ కొండ ఎన్నడూ చూసి ఉండదు. పూలమ్మే ముసలామె ఒకతె ఆగి, "ఎవరైనా పోయినారా?" అని అడిగింది. మా అత్త, "లేదు, సామి ఇంకా నిద్రలో ఉండాడు, లేపొద్దు" అంది. రత్నస్వామి చేతులు ఊరుకోక తన తొడ మీదే దరువు వేసుకుంటూ ఎక్కాడు. పాప ఇరవై దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతోంది. అరవయ్యో మెట్టు దగ్గర సద్దు తగలకుండా కవిప్రియ ఇచ్చిన హెడ్‌ఫోన్స్ తీసి, "నొక్కతా ఉండాది" అని నా చేతిలో పెట్టింది. అయినా ఎక్కుతోంది. నాకు గుండె నిండా గాలి ఆడింది.

రెండొందల మెట్లు దాటాం. నీళ్ళ సీసా జారి దొర్లిపోతే తెచ్చుకోవడానికి నేను పది మెట్లు దిగాను. మా ఆయన, అత్త, మిగతావాళ్ళు అప్పటికే పై మలుపు దాటిపోయారు. సరిగ్గా అప్పుడే మలుపు కింద నుంచి పంబ మోగింది. ఏదో ఊరి గుంపు. పాతిక మంది, ఈలలు, అరుపులు, పరుగులాంటి నడక. రత్నస్వామి వాళ్ళకు ఎదురు పోయి చేతులు జోడించాడు. ఆ హోరులో అతని మాట ఎవరికి వినబడుతుంది? వాళ్ళు నన్ను గోడకు నెట్టుకుంటూ పైకి పోతున్నారు.

పైన మామ నిలబడిపోయారు. రెండు చేతులూ కావడి మీద. బిడ్డను దగ్గరికి తీసుకోలేరు, చెవులు మూయలేరు. వంగి చెబుతున్నారు. "పాపా, పంబ వస్తా ఉంది. ఒకటి, రెండు, మూడు."

పాప చెవులు మూసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. మోకాళ్ళు మడిచి మెట్టు మీద ముడుచుకుపోయింది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను. జనాన్ని తోసుకుంటూ ఎక్కుతున్నాను. స్వామినీ తిట్టాను, మామనూ తిట్టాను, ఒప్పుకున్నందుకు నన్ను నేనూ తిట్టుకున్నాను.

అప్పుడు పాప కళ్ళు తెరిచి తాతను చూసింది. పైకెత్తిన ఆయన చేతులను చూసింది. ఆయన చెవులను చూసింది.

"తాతకు చేతులు లేవు!" అని అరిచింది. పై మెట్టు ఎక్కి నిలబడి, తన చెవుల మీది రెండు చేతులూ తీసి, తాత చెవులు గట్టిగా మూసేసింది.

వాళ్ళిద్దరి పక్కనే పంబ మోగుతోంది. పాప పళ్ళు బిగించింది. ముఖమంతా మెలితిరిగి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చేతులు మాత్రం తియ్యలేదు. మా మామ తల వంచి, ఆ చిన్న చేతుల మధ్య ముఖం కదపకుండా నిలబడ్డారు.  చివరి పంబవాడు వీళ్ళను చూసి తోలు మీద నుంచి చేతులు ఎత్తేశాడు. గుంపు దాటిపోయింది.

నేను రెండు మెట్ల కింద ఆగిపోయాను. 

పాప చేతులు తీసి, ముక్కు తుడుచుకుని, "పొయ్యింది తాతా" అంది.

ముప్పై ఏళ్ళు ఆ పంబ ముందు అరుస్తూ నడిచిన మనిషి, నాకే సరిగ్గా వినబడనంత మెల్లగా, "అవునమ్మా, ఎంత సద్దో! నువ్వు ఉండబట్టి తట్టుకున్నా" అన్నారు.