బానెట్టు మీద బొట్లు

మా పెనుబల్లి వైపు ఆడపిల్ల స్కూటీ నడిపితేనే టీకొట్టు ముందు నలుగురు లేచి నిలబడి చూసే రోజులవి. ఆ రోజుల్లో నేను ఏకంగా పికప్ వ్యాను నడిపాను. (గొప్పలు పోతున్నానని అనుకుంటారేమో. అవును, గొప్పే. ఇన్నేళ్ల తర్వాత దాన్ని తగ్గించి చెప్పుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.) డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. కనిపించిన వాళ్లందరూ కుట్టు మిషను నేర్చుకోమని సలహా ఇస్తుంటే, మా చిన్నాయన ఒక్కడే నాకు డ్రైవింగ్ నేర్పాడు. ఖమ్మం వెళ్లి లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. నేర్పడం వరకు బాగానే నేర్పాడు గానీ, తాళం చెవి చేతికివ్వడానికి మాత్రం ఆయనకు మనసొప్పేది కాదు.

బండి మెరూన్ రంగుది. సత్తుపల్లి దగ్గర నర్సరీలో జామాయిల్ మొక్కలు ఎక్కించుకుని ఇల్లందు, భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లకు చేరవేయడం దాని పని. ఆదివారం ప్రార్థనకు ముందు తను స్నానం చేసినా చేయకపోయినా బండికి మాత్రం చేయించేవాడు చిన్నాయన. అలాంటి మనిషి, సరిగ్గా మొక్కలు నాటే కాలం మొదలవుతుండగా, చర్చి పైన రేకులు సర్దబోయి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వేరే డ్రైవరు దొరకలేదు. చివరికి మంచం మీద పడుకునే తాళం చెవి నా చేతిలో పెట్టాడు, పెట్టి వెంటనే వదల్లేదు. "ఇను బిడ్డా. బండి మీద రంగు లేచిన పెచ్చు నాకు ఒక్కటి కనపడ్డా తాళం చెవి ఇచ్చెయ్యాలె. మళ్ల అడగొద్దు. ఆరేండ్ల సంది నడుపుతున్న, ఒక్క పెచ్చు లేవలే," అన్నాడు. "ఎవరు నడిపినా గదే లెక్కనా చిన్నాయనా?" అన్నాను ఉక్రోషంగా. "అవ్, ఎవరు నడిపినా గదే లెక్క," అన్నాడు ధీమాగా. ఆ మాట నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

నాలుగో రోజే ఇల్లందు రోడ్డులో బొగ్గు టిప్పరు వెనకాల వెళుతుంటే, దాని చక్రాల కింద నుంచి రాయి ఎగిరొచ్చి 'టక్' మంది. దిగి చూస్తే బానెట్టు ముందు అంచున కందిగింజంత రంగు లేచిపోయి, లోపల ఇనుము తెల్లగా కనిపిస్తోంది. తాళం చెవి పోతే మళ్లీ కుట్టు మిషనే. ఫ్యాన్సీ షాపుకు వెళ్లి బండి రంగుకు సరిపోయే నెయిల్ పాలిష్ ఎంచుకున్నాను. (నా గోళ్ల కోసం జీవితంలో అంతసేపు ఎంచింది లేదు.) తుడవలేదు, గీకలేదు, దుమ్ము మీదే దిట్టంగా ఒక చుక్క పెట్టాను. అద్భుతంగా ఉందనుకున్నాను. రెండు వారాల్లో చుక్కలు పదకొండు అయ్యాయి. ఒక్కొక్కటీ ఉబ్బెత్తుగా, ఎండలో తళతళా మెరుస్తూ ఉండేది. నాయనమ్మ ఒకరోజు బండి ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకుని, "మన ఇంట్ల మనుషులమే పెట్టుకోం గదనే పిల్లా, బండికెందుకే గిన్ని బొట్లు? పాస్టరుగారు జూస్తే ఏమంటడు?" అంది. పాస్టరుగారి సంగతి దేవుడెరుగు, చిన్నాయన చూస్తే ఏమంటాడన్నదే నా భయం.

సత్తుపల్లిలో పాత బండ్లకు రంగులు వేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. చేతులకు ఎప్పుడూ సొట్టలు పూడ్చే లప్పం అంటుకుని ఉండేది కాబట్టి లప్పం తాత అనేవాళ్లం. నా బొట్లను బొటనవేలి గోటితో టపటపా ఊడగొట్టి, "ఇది బండా, పెండ్లిపిల్ల చెయ్యా?" అన్నాడు. కింద అప్పుడే తుప్పు మొదలైంది. తాత ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టి నేర్పాడు. ముందు సబ్బునీళ్లతో కడగాలి, వాటర్ పేపరుతో తుప్పు పోయేదాకా మెల్లగా రుద్దాలి, అగ్గిపుల్ల కొసతో చిటికెడు ప్రైమరు, అది ఆరాక పల్చగా రంగు, మళ్లీ ఆరాక మళ్లీ రంగు. "గుంత నింపాలె బిడ్డా, గుట్ట చెయ్యొద్దు," అనేవాడు మాటిమాటికీ. పదకొండు చుక్కలూ వేలితో తడిమినా తెలియకుండా పోయాయి. నేను వచ్చేటప్పుడు మాత్రం ఒక మాటన్నాడు. "అయినా టిప్పరు తోకకు ఎందుకు అంటుకపోతవు? దూరం ఉండు. రాయి నిన్ను ఎతుక్కుంట రాదు."

ఆ ఒక్క మాటే నేను వినలేదు. వింటే ఎలా? కొంచెం దూరం ఉంచితే చాలు, వెనక వచ్చే ప్రతివాడూ హారను కొట్టి, పక్క నుంచి దూరి, తల బయటపెట్టి "ఆడపిల్ల గదా, మెల్లగనే వస్తది" అని నవ్వి పోయేవాడు. నాకు ఒళ్లు మండేది. పళ్లు బిగబట్టి టిప్పరుకు అంటుకునే నడిపేదాన్ని. దూరం పాటించకపోయినా పెచ్చులు లేవని ఉపాయం కావాలి. అది నాయనమ్మే చెప్పింది. పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చి, బానెట్టు మీద కప్పి, తాళ్లతో బంపరుకూ అద్దాలకూ బిగించి కట్టింది. పూలపూల బొంత కప్పుకుని మా బండి బాలింతరాలిలా బయలుదేరింది. వానకు తడిసి, కింద ఇంజను వేడికి బొంతలోంచి పొగలు లేచేవి. ఇల్లందు బస్టాండు దగ్గర ఒకాయన, "ఏందమ్మా, బండికి జరమొచ్చిందా?" అని అరిచాడు. "అవ్, దవాఖానకే తీస్కపోతున్న, నువ్వు జర జల్దీ తప్పుకో," అని అరిచాను. రాళ్లు 'టక్' మనడం మానేసి 'టప్' మన్నాయి. రెండు నెలలు బొంత విప్పనే లేదు.

చిన్నాయన కాలి కట్టు తీశాక ఒక ఆదివారం, ప్రార్థన అయిపోగానే, కర్ర పట్టుకుని నేరుగా బండి దగ్గరికి వచ్చాడు. నేనే దర్జాగా తాళ్లు విప్పి బొంత లాగాను. లాగి, అక్కడే నిలబడిపోయాను. బొంత కింద చేరిన బురద, ఇసుక రోజంతా బండి కదలికకు రుద్ది రుద్ది, మెరూన్ బానెట్టును వెలిసిపోయిన పాత పలకలా చేసేశాయి. నాయనమ్మ కుట్లు సైతం వరుసలు వరుసలుగా అచ్చుపడ్డాయి. "ఏందే ఇది!" అన్నాడు చిన్నాయన. "పెచ్చులున్నయా? లెక్కబెట్టు," అన్నాను. ఆయన ముక్కు ఆనేంత దగ్గరికి వంగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాడు. "పెచ్చులు లేవు," అన్నాడు చివరికి. "రంగే లేదు!" "మనం అనుకున్నది పెచ్చుల గురించే గద చిన్నాయనా," అన్నాను. నాయనమ్మ వెనక నుంచి, "నా బొంతనేమన్న అంటే ఊకోను," అంది. ఆయన నా చేతిలోంచి తాళం చెవి లాక్కుని, "ఎక్కు. బండి ఎట్ల నడపాల్నో చూపిస్త," అన్నాడు.

ఎక్కాను. ఆయన పక్కన, ఆడపిల్లలు కూర్చోవలసిన సీటులో. ఊరు దాటి మెయిన్ రోడ్డు ఎక్కగానే ముందు బొగ్గు టిప్పరు వచ్చింది. చిన్నాయన మీసం దువ్వి, గేరు మార్చి, అచ్చం నాలాగే దాని తోకకు అంటుకున్నాడు. (నాకు నేర్పింది ఆయనే కదా.) హారను మీద చెయ్యి వేశాడో లేదో, 'టక్'.

ఇద్దరం ఆ చోటునే చూశాం. వెలిసిన బానెట్టు నడిమధ్యన, పెసరగింజంత, కొత్త పెచ్చు. నేను నెమ్మదిగా చెయ్యి చాచి, అరచెయ్యి ఆయన ముందు పెట్టాను. "ఎవరు నడిపినా గదే లెక్కన్నవ్ చిన్నాయనా." ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. తాళం చెవి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఈసారి వెంటనే వదిలేశాడు. కుంటుకుంటూ ఇటు తిరిగి వచ్చి నా సీటులో కూర్చుని, "దూరం పట్టి నడుపు," అన్నాడు మెల్లగా. ఆ రోజు మొదటిసారి దూరం పట్టి నడిపాను. ఎవరెవరో దాటిపోయారు, ఎవరెవరో నవ్వారు. ఒళ్లు మండలేదు.

తర్వాత లప్పం తాత బానెట్టు మొత్తానికి రంగు వేస్తుంటే, "ఆ ఒక్క పెచ్చు వదిలెయ్ తాతా," అన్నాను. తుప్పు పట్టకుండా దాన్ని శుభ్రంగా రుద్ది, రంగులేని నెయిల్ పాలిష్ నేనే పల్చగా పూశాను, గుట్ట చెయ్యకుండా. బండి ఎప్పుడో తుక్కుకు పోయింది. బానెట్టు మాత్రం ఇవ్వలేదు, మా కోళ్లగూడుకు కప్పుగా ఉంది. చిన్నాయన ఇప్పటికీ మా ఇంటికొస్తే కుర్చీని అటు వీపు పెట్టి వేసుకుంటాడు. నేను మాత్రం గింజలు చల్లబోయినప్పుడల్లా ఆ చుక్కను బొటనవేలితో ఒకసారి తడుముతాను. ఇప్పుడు టిప్పరు కనిపిస్తే చాలు, వంద గజాలు వదిలేసి నింపాదిగా వెళ్తాను. పళ్లు బిగబట్టి దాని తోకకు అంటుకుపోయిన ఆ పిల్ల నన్ను చూస్తే తప్పకుండా హారను కొట్టి, తల బయటపెట్టి నవ్వి పోతుంది. పోనీ. దానికి దారి ఇస్తాను.