రాజీ అయిన కేసు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా పెద్ద మాటేమో. మొదట్లో బరువుండేది, తరవాత మొద్దుబారిపోయింది. మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. ఎరిగినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. అప్లికేషన్లు నింపడంలో నాకు పేరు. మాస్టారి హస్తవాసి మంచిదని పెంటపాడు నుంచీ, అత్తిలి నుంచీ కూడా వచ్చేవారు. ఆ మాటకి నేను రుచి మరిగాను.

సుగుణ నా పాత విద్యార్థిని. కొల్లేటి ఊరి పిల్ల. తండ్రి లేడు, పెదనాన్నే చదివించాడు. డిప్లొమా చేసి రక్షణ శాఖ ల్యాబులో టెక్నీషియన్‌గా సెలెక్టయింది. చేరే ముందు సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం ఒక ఫారం నింపాలి. మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా అని అందులో ఒక ప్రశ్న. నమోదైంది. చేపల చెరువు గట్టు దగ్గర రెండు కుటుంబాలు కొట్టుకుంటే, అవతలివాళ్ళు ఇంటిల్లిపాది పేర్లూ రాయించారు. ఆ రోజు కాలేజీలో ఉన్న సుగుణ పేరు కూడా. తరవాత పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేయించారు. మా వైపు రాజీ అయిందంటే ఆ కేసు అసలు లేనట్టే లెక్క.

"కేసు సంగతి రాయాలేమోనండి మాస్టారూ," అంది.

"రాజీ అయిపోయింది కదమ్మా. రాస్తే లేనిపోని అనుమానం."

"మా పెదనాన్న రాసెయ్యమంటున్నారండి. దాచకూడదంటున్నారు."

"ఆయనకి ఫారాల సంగతి ఏం తెలుసు? లేదు అని రాయి."

రాసింది.

నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. క్లియరెన్స్ ఇవ్వలేదు, ఉద్యోగం లేదు. కారణం చెప్పలేదు. సమాచార హక్కు కింద అర్జీ నేనే రాసి, జవాబు నా స్కూలు చిరునామాకి వచ్చేలా పంపాను. అది వచ్చిన రోజు స్టాఫ్ రూంలో నిలబడే చదివాను. కేసు ఉన్నందుకు కాదట. అలాంటి చిన్న కేసు అడ్డం కాకపోయేదేనట. స్టేషన్ రికార్డులో ఉన్నదాన్ని ఫారంలో దాచిపెట్టినందుకట. విషయాలు దాచే మనిషికి రహస్యాలు అప్పగించలేరట.

దాచింది ఆ పిల్లా?

కారణాలు బయటపెట్టరటమ్మా అని చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆమె కోపానికి భయపడ్డానని చాలాకాలం అనుకున్నాను, కానీ సుగుణకి నా మీద కోపం రాదని నాకు తెలుసు, భయపడింది మాస్టారు పొరబడ్డాడని నలుగురూ అనుకుంటారనే. అంత చిన్న సంగతికి.

కారణం ఆమే వెతుక్కుంది. విచారణకి వచ్చిన కానిస్టేబుల్ మాట్లాడింది పెదనాన్నతో. కేసు సంగతి ఆయనే చెప్పి చెడగొట్టాడని తేల్చుకుంది. అంతేనంటారా అని నన్నడిగింది. ఏమోనమ్మా, మనుషుల్ని ఏం చెప్పగలం అన్నాను. కాదు అనే ఒక్క మాట నా నోట రాలేదు. ఆమె ఆయనతో మాట్లాడడం మానేసింది.

మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. సుగుణ రాలేదు. నేను వెళ్ళాను. సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, సుగుణ పెద్దమ్మ తలవంచుకోకుండా రోడ్డు వైపే చూస్తోంది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గయినా సరిగా రాలేదు. భోంచేసి వెళ్ళండి మాస్టారూ అంటే, కూర్చుని భోంచేశాను.

సుగుణ ఇప్పుడు ఏలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో పనిచేస్తోంది. క్రిస్మస్‌కి నాకు కేకు పంపుతుంది. తింటాను.

ఆ అర్జీకి వచ్చిన జవాబులో ఇంకో వాక్యం కూడా ఉంది. చూడండి, ఇంతసేపూ మీ దగ్గరా దాచాను. స్థానిక విచారణలో ఈమె నడవడికి తనదే పూచీ అని పెదనాన్న సంతకం పెట్టాడని అందులో రాశారు. అది ఆమె ఈ రోజుకీ చూడలేదు. కాగితం నా బీరువాలో ఉంది. రేపు ఏలూరు తీసుకెళ్తానని మీకు మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. క్షమాపణ కూడా అడగను, ఇవ్వాల్సినవాళ్ళలో ఒకరు లేరు. కానీ ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాశాను, కాస్త ఊపిరాడుతోంది. ఆయన ఆమెకి పూచీ పడ్డాడు. చెడగొట్టింది నేను.