నెమ్మది పాట

హోసూరు ఆఫీసులో భోజనాల దగ్గర ఒక్కొక్కరూ తమకిష్టమైన బ్యాండు పాట వినిపిస్తున్నారు. నా వంతు రాగానే ఫోనులో ఓ పాత సినిమా పాట పెట్టి, వేగం తగ్గించాను.

"ఏందక్కా, ఈయన నిద్రపోతా పాడతా ఉండాడు" అని కొత్తగా చేరిన అబ్బాయి నవ్వాడు.

నాకు తెలిసిన పాట అదే. మా నాయన లారీలోని టేప్ రికార్డరుకు బెల్టు సాగిపోయి, ప్రతి పాటా నెమ్మదిగా, బొంగురుగా వచ్చేది. పాడే ఆయన కూడా నాయనలాగే బండి తోలి తోలి అలసిపోయాడనుకునేదాన్ని. సెలవుల్లో నన్ను ఎక్కించుకుని కృష్ణగిరి వైపు పోతూ, చరణం రాగానే నాయన గొంతు కలిపేవాడు.

ఒకసారి జూజువాడిలో బండి బాగుచేసిన మెకానిక్, అడగకుండానే ఆ బెల్టు కూడా మార్చేశాడు. అక్కడి నుంచి కృష్ణగిరి దారి పట్టగానే పాట పరుగెత్తింది. నాయన చరణం అందుకోబోయి, రెండు మాటలు వెనకబడి ఆగిపోయాడు.

"ఏం నాయనా, పాడలేదే?"

"పాడే ఆయప్ప యాడికో అర్జెంటుగా పోతా ఉండాడమ్మా. పోనీలే."

నిజమే అనుకున్నాను. పని తీరాక ఆయన మళ్లీ నిదానంగా పాడతాడని గురుబరపల్లి దాటేదాకా ఎదురుచూశాను. ఆ తర్వాతి సెలవుల్లోనూ చూశాను. నాయన మళ్లీ పాడలేదు. పాత బెల్టే వేయించమని అడగవచ్చని నాకు తోచలేదు.

ఫోనులో చరణం మొదలైంది. నా తల దానంతటదే కుడివైపుకు, డ్రైవరు సీటు ఉండే వైపుకు తిరిగింది. అక్కడ ఆ కొత్త అబ్బాయి పెరుగన్నం కలుపుకుంటున్నాడు.