తలుపేసి చూపించిన టీవీ

ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్యల్లా ఒక్కటే, హెచ్‌డీఆర్, అంటే టీవీలో చీకటిని మరింత చీకటిగా, వెలుగును మరింత వెలుగుగా చూపించే హంగు. కదిరిలో టీవీల షాపులో కొత్తగా చేరి, కొనేవాళ్లను మసక గదిలో కూర్చోబెట్టి దీపం బొమ్మ చూపించేవాణ్ణి. నలుపు కాటుకలా, మంట నిజం మంటలా కనిపించేది. అది చూసి మురిసిపోయి తనకల్లు నుంచొచ్చిన పెద్దాయన ఒకాయన టీవీ కొన్నాడు. రెండ్రోజులకే బొమ్మ సరిగ్గా కనపళ్లేదని ఫోన్. "ఆ టీవీ వెనక్కొస్తే నువ్వు రావద్దు" అన్నాడు మా ఓనరు. (అప్పటికే మా నాయన ఊరందరికీ కొడుక్కి ఉద్యోగమొచ్చిందని చెప్పేసి ఉన్నాడు.)

పెద్దాయన ఇంటికి పోయి చూస్తే, ఎండ వాకిలి దాటొచ్చి టీవీ బల్ల దాకా పరుచుకుని ఉంది. సినిమాలో రాత్రి సీను నడుస్తోంది గానీ తెరమీద మా మొహాలే కనిపిస్తున్నాయి. "షాపులో చూపిచ్చిన టీవీ యాడ, ఇది యాడప్పా?" అన్నాడు పెద్దాయన. నేను గొంతు సవరించుకుని, ఈ రకం బొమ్మ మసక గదిలో చూడ్డానికే చేసిందనీ, వెలుతురు ఎక్కువైతే చీకటి భాగాలన్నీ ఒకటైపోతాయనీ పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అయితే తప్పు టీవీది కాదు, మా ఇంటిదంటావు. రెండిట్లో ఏది వెనక్కియ్యల్ల?" అన్నాడు.

నాకు రోషమొచ్చింది. తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో వెలుతురు రాకుండా కంబళి కట్టాను. బొమ్మ వెలిగిపోయింది. "బలే ఉండాదే" అని ఆయన అంటుండగానే తలుపు దబదబా బాదారు. తీస్తే పక్కింటి అవ్వ, కళ్లనిండా నీళ్లతో. "ఒక మాట చెప్పకుండా బెంగుళూరుకు పోయినారనుకుంటి కదరా" అంది. (వానల్లేని ఏళ్లలో ఆ వీధిలో పగటిపూట తలుపు మూశారంటే, ఇంటిల్లిపాదీ కూలికి వలసపోయినట్టే లెక్క. మనుషులున్న ఇంటికి ఎవరూ తలుపేయరు. మా ఊర్లోనూ అంతే, నా పాఠం ధ్యాసలో పడి మరిచిపోయాను.)

పెద్దాయన అవ్వను చేయి పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు. "కంబళి ఇప్పు నాయనా. తలుపేస్తేనే కనపడే బొమ్మ మాకొద్దు, ఎత్తకపో" అన్నాడు. నేను కంబళి విప్పి, కిటికీలు తెరిచాను. గబగబా టీవీని ఎండ తగలని లోపలి గోడకు మార్చి, వెలుతురు గదికి పనికొచ్చే సెట్టింగు పెట్టాను. నలుపు కాస్తా బూడిద రంగైంది. షాపులో అలా చూపిస్తే ఒక్క టీవీ కూడా అమ్ముడుపోదు. అవ్వ మాత్రం తేరిపార చూసి, "మొగాలు కనపడతాండాయి, సాలు" అంది. పెద్దాయన సరేనని తలూపాడు. నా ఉద్యోగం దక్కింది.

ఇప్పుడు నాకే చిన్న షాపుంది. వచ్చినవాళ్లను ముందు, "పగలు మీ ఇంటి తలుపు తీసే ఉంటుందా?" అని అడుగుతాను. చాలామంది దొంగను చూసినట్టు చూస్తారు. ఉంటుందని ఎవరైనా అంటే మాత్రం ఆ పూటంతా నాకు హాయిగా ఉంటుంది.